కొండలమ్మ చుట్ట

దిబ్బలపాలెం, నాగాయలంక మండలం
ఫిబ్రవరి 9

ఒసేయ్ పార్వతీ,

ఈ ఉత్తరం నీకు ఐసు పెట్టెలో మూత్రం సీసాల పక్కన వస్తుంది. చదివాక చేతులు కడుక్కో. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టాను గానీ, మన జక్కయ్య వ్యాను నడిపే పద్ధతి నీకు తెలుసుగా.

ఫోను ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే కరకట్ట ఎక్కాలి. నా మోకాళ్ళు ఇప్పుడు కరకట్ట ఎక్కే మోకాళ్ళు కావు. ఎక్కినా "హలో, వినపడుతోందా" అనుకోవడంతోనే సరిపోతుంది. హాస్టల్లో ఒకే గదిలో ఉండి, సెలవులకి ఇంటికెళ్ళి కూడా ఉత్తరాలు రాసుకున్నవాళ్ళం. నేను నర్సునయ్యాను, నువ్వు ల్యాబులో చేరావు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఒకే పనిలో పడ్డాం. నేను సీసాలు నింపించి పంపడం, నువ్వు వాటిని మిషన్లో పెట్టడం. ఏం బతుకులే మనవి!

మీ డాక్టర్ భానుశ్రీ గారు వచ్చి పని వివరంగా చెప్పి వెళ్ళింది. చిన్న వయసు, మంచి పిల్ల. కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాకా చుట్ట తాగే ఆడవాళ్ళ ఒంట్లోకి నికోటిన్ ఎంత పోతోందో కొలవాలట. నోటి మాట నమ్మకూడదట, సీసానే నమ్మాలట. సరే అన్నాను. కానీ ఇక్కడ అబద్ధం చెప్పే అవసరం ఎవరికుంది? నీ పుట్టిల్లు కంకిపాడు వైపు వాళ్ళు కాఫీ తాగినట్టు ఇక్కడ ఆడవాళ్ళు చుట్ట తాగుతారు. నెత్తిన చేపల తట్ట, నోట్లో చుట్ట. ఉప్పు గాలికీ అదే, ఆకలికీ అదే. కడుపుతో ఉండగా నేను పోరగా పోరగా ఒకరిద్దరు మానేస్తారు. పురిటి స్నానం కాగానే అమ్మో అత్తో "బాలింతవి, ఒళ్ళు చల్లబడిపోతుంది, నాలుగు దమ్ములు లాగు" అని చేతికిస్తారు. మళ్ళీ మొదలు. విసుగొచ్చేసింది పార్వతీ. చెప్పిందే చెప్పి చెప్పి నా గొంతు నాకే నచ్చడం లేదు.

పోల్చి చూడటానికి తాగనివాళ్ళు కూడా కావాలన్నారు కదా. అందులో ఒక పిల్ల ఉంది, నాగలక్ష్మి. కొల్లేరు వైపు నుంచి వచ్చిన కోడలు. వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళకి ఈ అలవాటు లేదు. ఇది మూడో కడుపు. ముందు ఇద్దరూ పుట్టిన పూటే పోయారు, అరచేతిలో పట్టేంత పిల్లలు. ఈ బిడ్డ కూడా దక్కకపోతే ఆ పిల్లని పుట్టింటికి పంపేసి మొగుడికి ఇంకో పెళ్ళి చేస్తారని ఆ మొగుడి మేనమామ పేరయ్య నలుగురిలో అననే అన్నాడు. మొగుడు రాంబాబు అవునని అనలేదు, కాదనీ అనలేదు.

దాని నంబరు పదిహేడు. పేర్లు నీకు చెప్పకూడదని తెలుసు. చెప్పేశాను, ఏం చేస్తావ్? ప్రార్థనలో దాని పేరు తలుచుకుంటున్నాను. నువ్వూ దుర్గమ్మకి ఓ మాట చెప్పు.

నీ ఏంజెల్

·

భవానీపురం, విజయవాడ
మార్చి 6

ఏంజెల్,

నీ ఉత్తరం చూసి మా ల్యాబులో కుర్రాళ్ళు నవ్వారు. "మేడమ్, సీసాకి లేబులు ఇంత పెద్దదా" అన్నారు. నవ్వితే నవ్వనీ. బ్యాంకు కాగితాలూ పెళ్ళి పిలుపులూ తప్ప నా పేరు మీద ఉత్తరమంటూ వచ్చి ఎన్నాళ్ళయిందో.

నా సంగతి ఏముంది? పొద్దున లేవడం, వంట చేయడం, బస్సెక్కడం, రోజంతా ఎవరెవరివో సీసాల ముందు కూర్చోవడం. మావారు రిటైరయ్యాక టీవీ ముందు నుంచి లేవడం మానేశారు. "కాఫీ" అంటారు, అంతే మాట. నేనూ వచ్చే ఏడాది రిటైరవుతాను. అప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూస్తాం కాబోలు.

సీసానే నమ్మాలట అని రాశావు కదా, అదేం చెబుతుందో విను. పొగాకులో నికోటిన్ ఒంట్లోకి వెళ్ళాక కోటినిన్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. నికోటిన్ గంటల్లో పోతుంది. ఇది రెండు మూడు రోజులు నిలుస్తుంది. దాన్నే కొలుస్తాం. చుట్ట పొగ మింగకపోయినా నోటి లోపలి చర్మం గుండానే దిగిపోతుంది. తాగేవాళ్ళకి ఒక రకంగా వస్తుంది, పక్కన కూర్చుని పీల్చేవాళ్ళకి ఇంకో రకంగా, చాలా తక్కువగా వస్తుంది. రెంటికీ మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఎవరూ పొరబడరు.

ఫలితాలు నేను నీకు చెప్పకూడదు. డాక్టరు గారికి ఇస్తాను, ఆవిడే వచ్చి ఆ మనిషితో మాట్లాడుతుంది. పద్ధతి అది.

ఏంజెల్, ఆ పేరు నువ్వు నాకు రాయకుండా ఉంటే బాగుండేది. ఇంతకు మించి అడగకు.

పార్వతి

·

దిబ్బలపాలెం
ఏప్రిల్ 27

పార్వతీ,

అప్పుడే తెలుసన్నమాట నీకు! తెలిసి, పద్ధతి అని రాసి ఊరుకున్నావు.

మీ డాక్టరమ్మ మొన్న వచ్చింది. వేట నిషేధం రోజులు కదా, పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, మగాళ్ళందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. నాగలక్ష్మితో విడిగా మాట్లాడాలి, కాస్త బయటికి వెళ్ళమని రాంబాబుని అడిగింది పాపం. "నా పెళ్ళాం సంగతి నా ముందరే సెప్పండి డాక్టరుగారూ" అని గడపలోనే కూర్చున్నాడు. నాగలక్ష్మి కూడా "పర్వాలేదు మేడమ్, చెప్పండి" అంది. దానికేం భయం, దాచేదేమీ లేదాయె. డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. "నీ పరీక్షలో పొగాకు కనిపిస్తోందమ్మా. తాగుతుంటే ఇప్పటికైనా మానెయ్, తిట్టడానికి రాలేదు నేను" అంది.

నాగలక్ష్మి మొహం చూడాల్సింది. "నేను తాగను మేడమ్" అంది. మళ్ళీ అంది. మూడోసారి మొగుడి వైపు తిరిగి అంది.

రాంబాబు కొట్టలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. లేచి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు పూటలా దాని చేతి అన్నం తినడం లేదు. "ఇద్దరు బిడ్డల్ని పొగలో కలిపేసింది" అన్నాడట పేరయ్యతో. కాన్పుకి పుట్టింటికి పంపేసి మళ్ళీ తీసుకురానంటున్నాడు.

ఇంట్లో దాని పక్షాన నిలబడ్డది ఒక్క అత్తే. కొండలమ్మ సంగతి నీకు చెప్పలేదు. పళ్ళూడిపోయాయి, రొమ్ములో గురక, రోజంతా నోట్లో చుట్ట. ఊరి మధ్యలో నిలబడి నన్నూ డాక్టరమ్మనీ కలిపి దులిపేసింది. "నా కోడలు పొగ తాగుద్దా? నేను సూడకుండానా? ఆ మిసను ఎవురి సీసానో సూసి దీని నెత్తిన రుద్దింది!" అంది.

నాకూ అదే అనుమానం. నీ కళ్ళు మునుపటిలా లేవు పార్వతీ. లేబులు మారిపోయి ఉండదూ? ఒక్కసారి చూడు. ఓ ఆడపిల్ల కాపురం.

ఏంజెల్

·

భవానీపురం
మే 8

ఏంజెల్ గారికి,

నా కళ్ళు బాగానే ఉన్నాయి. అద్దాలు కూడా కొత్తవి.

సీసా తీసి మళ్ళీ పెట్టాను. ఫలితం అదే. ఏప్రిల్లో నువ్వు పంపిన కొత్త సీసా కూడా పెట్టాను. అదీ అంతే. రెండు వేర్వేరు రోజులు, రెండు వేర్వేరు సీసాలు. రెండుసార్లూ నేనే లేబులు మార్చేశానంటావా? ఇంతకాలం ఈ కుర్చీలో కూర్చుని నేను చేసిందేమన్నా ఉంటే అది ఇదొక్కటే, ఒకరిది ఇంకొకరికి అంటగట్టకపోవడం.

ఒక్క మాట చెప్పగలను. రోజంతా చుట్ట తాగేవాళ్ళంత లేదు. కానీ అత్త పక్కన కూర్చుని పొగ పీల్చినంత మాత్రాన ఇంత రాదు. రానే రాదు. నోట్లో పెట్టుకుంటే తప్ప.

నువ్వు ఆ పిల్లని నమ్ముతున్నావు. నీ గుణమే అంత, హాస్టల్లో నీ దువ్వెన తీసుకున్న ప్రతి పిల్లనీ నమ్మేదానివి. నీ నమ్మకం కోసం నేను అంకె మార్చలేను. పొద్దున్నుంచీ తల పగిలిపోతోంది, ఇక్కడ ఎండలు చంపేస్తున్నాయి. ఇంక రాయలేను.

శివపార్వతి

·

దిబ్బలపాలెం
మే 21

పార్వతీ,

నన్ను తిట్టు. గారూ గీరూ అని మాత్రం రాయకు, ఒళ్ళు మండుతుంది.

నీ అంకె నిజం. నాగలక్ష్మి మాటా నిజమే. ఎలాగంటావా, విను.

నీ ఉత్తరం చదివాక నాకే అనుమానం వచ్చింది. ఈ పిల్ల నన్ను కూడా మోసం చేస్తోందా అని కోపంగానే వెళ్ళాను. కొండలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొదలెట్టింది. "రావే నర్సమ్మా, మళ్ళీ ఏం మోసుకొచ్చావు? సెప్తన్నాగా, నా కోడలు ఎన్నడూ సుట్ట ముట్టలేదు. కావాలంటే దీని నోరు వాసన సూడు" అని అరుస్తూ, రొంటిన ఉన్న చుట్ట తీసి కోడలి చేతికిచ్చింది. "ఇదిగో, పొయ్యికాడ ముట్టించుకురా" అంది.

నాగలక్ష్మి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుంది. చుట్ట నోట్లో పెట్టుకుంది. నిప్పు అంటించి లాగింది. బుగ్గలు లోపలికి పోయేలా లాగింది. లావుపాటి లంకాకు చుట్ట, ఒక పట్టాన అంటుకోదు. లాగుతూనే ఉంది, చివర ఎర్రగా అయ్యేదాకా. తర్వాత కొంగుతో తుడిచి అత్తకి ఇచ్చింది. కొండలమ్మ అందుకుని నోట్లో పెట్టుకుని, "ఇంత నిప్పులాంటి పిల్లని పట్టుకుని పొగ తాగుద్దంటారా" అని నా వైపు చూసింది.

అప్పుడు తట్టింది నాకు. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ చేస్తున్నదే ఇది. పళ్ళు లేక, రొమ్ములో బలం లేక కొండలమ్మ మొదటి దమ్ములు లాగలేదు. ఆరిపోయినప్పుడల్లా "అమ్మాయ్" అంటుంది. రోజుకి ఎన్నిసార్లు అంటుందో వాళ్ళే లెక్కపెట్టుకోలేదు. ఇక్కడ అత్తకి చుట్ట ముట్టించి ఇవ్వడమంటే కాళ్ళకి నీళ్ళివ్వడం లాంటిది. దాన్ని తాగడమని ఎవరంటారు? చుట్ట తాగుతావా అని నేను అడిగాను, తాగనంది. అందులో అబద్ధం ఎక్కడుంది?

ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు వెళ్ళాను! నా కళ్ళ ముందే ముట్టించి ఇచ్చింది, నేను బీపీ చూసుకుంటూ కూర్చున్నాను. నా కళ్ళకీ కొత్త అద్దాలు కావాలి.

రేపే వెళ్ళి అందరి ముందూ చెప్పేస్తాను. రాంబాబు దాని కాళ్ళ మీద పడాలి.

ఏంజెల్

·

భవానీపురం
జూన్ 2

ఒసేయ్ ఏంజెల్,

నీ ఉత్తరం బస్సులో చదివి గట్టిగా "అయ్యో" అనేశాను. పక్కన కూర్చున్నావిడ మంచినీళ్ళిచ్చింది.

ఇన్నాళ్ళూ ఆ సీసా చేతిలో పట్టుకుని ఎంత అబద్ధాలకోరు అనుకున్నానో. మొహం కూడా తెలియని పిల్లని రోజూ మనసులో తిట్టుకున్నాను. నీ మీద కోపం దాని మీద చూపించాను.

చెప్పేశావా? రాంబాబు ఏమన్నాడు? వెంటనే రాయి. ముందు ఆ ముట్టించడం ఆపించు. ఇప్పుడు ఏడో నెల కదా, ఇప్పటికైనా ఆపితే బిడ్డకి మేలే. ఆవిడకి అగ్గిపెట్టె ఇవ్వండి, వేరే ఎవరినైనా పెట్టుకోమనండి, ఏదో ఒకటి చెయ్యండి.

పార్వతి

·

దిబ్బలపాలెం
జూన్ 19

పార్వతీ,

చెప్పలేదు.

అందరి కంటే ముందు నాగలక్ష్మికి చెబుదామని ఉప్పు మడుల వైపు తీసుకెళ్ళాను. చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను, నన్ను కావిలించుకుంటుందనుకున్నాను, ఎంత మొద్దుదాన్నో చూడు. అది గట్టు మీద కూర్చుంది. తర్వాత అడిగింది. "అయితే సిస్టరుగారూ, ముందు ఆ ఇద్దరూ నేను ముట్టించిన సుట్టలకే పోయారా?"

తెలీదమ్మా అన్నాను. అది నిజమే కదా? అప్పుడు ఎవరూ సీసా పట్టలేదు, ఏదీ కొలవలేదు. బిడ్డలు పోవడానికి వంద కారణాలు ఉంటాయి, రక్తం తక్కువ కావచ్చు, ఇంకోటి కావచ్చు అని చెప్పుకుంటూ పోయాను. అది వినడం లేదు.

"అత్తకి సెప్పమాకండి" అంది. "ఆ ఇద్దర్నీ ఆమే ఒళ్ళో ఎట్టుకుంది. మట్టిలో ఎట్టిన్నాడు నాకన్నా ఎక్కువ ఏడ్చింది. తన సుట్ట మూలానే అని తెలిస్తే ఇంక అన్నం ముట్టదు, సచ్చిపోద్ది. నన్ను ఒక్కదాన్ని అనుకోనీండి."

వద్దే, నీ కాపురం పోతుంది అన్నాను. తిట్టాను కూడా. చేతులు పట్టుకుని ఒట్టు వేయించుకుంది. యేసయ్య మీద వేయించుకుంది, నాకు ఆ మాట దాటరాదని తెలిసే.

ఆ సాయంత్రమే మొగుడి ముందు నిలబడి, తాగేదాన్నని ఒప్పేసుకుంది. "దొంగతనంగా తాగాను, ఇక ముట్టను. సుట్ట సేతిలోకొస్తే ఆశ పుడతది, అత్తకి కూడా ముట్టించి ఇవ్వను" అందట. చూడు దాని తెలివి! ఒకే అబద్ధంతో ముట్టించడం మానేసింది, అత్త జోలికి మాట రాకుండా చేసింది.

రాంబాబు మెత్తబడ్డాడు. ఒప్పుకుంది కదా, ఈ కాన్పయ్యేదాకా చూద్దాం అన్నాడట. మళ్ళీ దాని చేతి అన్నం తింటున్నాడు.

విరిగిపోయింది కొండలమ్మ. కోడలి కోసం ఊరందరితో పోట్లాడిన మనిషి. "నన్ను ఇంతమందిలో ఎర్రిదాన్ని సేసింది" అని కోడలితో మాట్లాడటం మానేసింది. చుట్టలు పక్కింటి వినీల చేత ముట్టించుకుంటోంది. వినీల ఎలాగూ తాగుతుంది. అత్త పలకరించడం లేదని నాగలక్ష్మి గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే నేను బీపీ చూశాను. నాకు చేతనైంది అదే.

అలసిపోయాను పార్వతీ. నిజం తెలిసి నోరు మూసుకోవడానికి ఇంత ఓపిక కావాలని నాకు తెలీదు.

నీకు రాయడం ఒట్టు కిందికి రాదని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు ఎవరికీ చెప్పకు.

ఏంజెల్

·

భవానీపురం
జూలై 24

ఏంజెల్,

ఆలస్యమైంది. ఇల్లూ ఒళ్ళూ రెండూ బాగాలేవు.

పదిహేడో నంబరు కొత్త సీసా వచ్చింది. బాగా పడిపోయింది. పొగ పక్కన బతికేవాళ్ళకి ఎంత ఉంటుందో అంతే ఉంది. మిషన్ ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. కుర్రాళ్ళు చూసి, కంట్లో మందేమన్నా పడిందేమోనని కంగారుపడ్డారు.

డాక్టర్ భానుశ్రీ గారు చాలా సంతోషించారు. "చూశారా మేడమ్, మనం మాట్లాడాక మానేసింది" అన్నారు. పదిహేడో నంబరు పక్కన "మొదట దాచిపెట్టినది, తర్వాత మానినది" అని రాశారు. ఆవిడ తప్పేముంది? ఆవిడకి తెలిసింది అదే. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నాకు ఇంకా మెడ నొప్పిలాగా ఉంది.

నాగలక్ష్మి చెప్పొద్దంది, నువ్వు చెప్పొద్దన్నావు. కానీ నువ్వు పంపే సీసాలు ఒక్క దానివే కాదు కదా ఏంజెల్. నీకు చెప్పకూడనిది ఒకటి చెబుతున్నాను. తాగనని చెప్పినవాళ్ళలో ఇంకా కొందరికి అచ్చం అలాంటి అంకెలే వస్తున్నాయి. ఆ నంబర్ల పక్కన కూడా దాచిపెట్టినది, దాచిపెట్టినది అని పడుతోంది. వాళ్ళ మొగుళ్ళు గడపలో కూర్చుని వింటే?

ఏం చేయాలో తోచడం లేదు.

పార్వతి

·

దిబ్బలపాలెం
ఆగస్టు 30

పార్వతీ,

ఆడపిల్ల! అవనిగడ్డ ఆసుపత్రిలో. బరువు కొంచెం తక్కువే గానీ ఊరంతా వినపడేలా ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. నాగలక్ష్మి బిడ్డ మొహం చూడకుండా ముందు నన్ను అడిగింది, "ఊపిరి పీలుస్తుందా?" అని. పీలుస్తోంది చూడవే అన్నాను.

రాంబాబు బిడ్డని ఎత్తుకుని నర్సులందరి ముందూ, "నువ్వు ఇదివరకు సేసిందంతా మర్సిపోయాను. నిన్ను సెమించాను" అన్నాడు. అది తల వంచుకుని "సరే" అంది. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను. లేకపోతే అక్కడే నోరు జారేదాన్ని.

కొండలమ్మ మనవరాలిని క్షణం వదలడం లేదు. కోడలితో మాత్రం ఇంకా మాట లేదు. బిడ్డకి పాలు కావాలంటే "దీనికి ఆకలేత్తంది" అని గోడతో చెబుతుంది.

బాలింత శాంపిల్ ఈ పెట్టెలోనే పంపిస్తున్నాను. జాగ్రత్తగా చూడు.

ఏంజెల్

·

భవానీపురం
అక్టోబర్ 11

ఏంజెల్,

బిడ్డ కబురు చదివి దుర్గమ్మకి కొబ్బరికాయ కొట్టాను. బాలింత సీసా శుభ్రంగా ఉంది.

ఇప్పుడు చెప్పేది విని కోపం తెచ్చుకో. డాక్టరు గారితో మాట్లాడాను. ఏ నంబరూ చెప్పలేదు, ఏ పేరూ చెప్పలేదు. "తీరం వైపు కోడళ్ళు అత్తలకి చుట్ట ముట్టించి ఇస్తారు మేడమ్, వాళ్ళే లాగి అంటిస్తారు. అది మనం అడగడం లేదు" అన్నాను. ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టేసింది. పాత కాగితాలు తిరగేస్తూ "ఎంతమందిని అబద్ధాలకోరులని రాశాను" అంది. ఆ రాతలన్నీ పక్కన పెట్టించింది. వచ్చే నెల నుంచి కాగితంలో ఒక కొత్త ప్రశ్న ఉంటుంది. "ఇంట్లో ఎవరికైనా చుట్ట ముట్టించి ఇస్తారా?" అని. పాతవాళ్ళందరినీ కూడా మళ్ళీ అడగాలి.

పదిహేడో నంబరు ఇంట్లో ఎలా అడుగుతావో నాకు తెలీదు. అడగవో, ఖాళీగా వదిలేస్తావో నీ ఇష్టం. నీ మాట పోగొట్టాలని చేయలేదు. కానీ ఆ పిల్ల ఒక్కదాని మీద జాలితో మిగిలినవాళ్ళని దొంగలుగా వదిలేయడం నా వల్ల కాలేదు.

పార్వతి

·

దిబ్బలపాలెం
నవంబర్ 16

పార్వతీ,

నీ మీద కోపం వచ్చింది, పోయింది. చేయాల్సిందే చేశావు. జరిగింది రాస్తాను, రాసి పడుకుంటాను.

నాగలక్ష్మి ఇంటికి వెళ్ళకూడదనుకున్నాను. దాని కాగితంలో ఆ ప్రశ్న ఖాళీగా వదిలేసి పంపేద్దామనుకున్నాను. ముందు వినీల ఇంటికి వెళ్ళాను, అదీ మన సీసాల లెక్కలోదే. అరుగు మీద కూర్చుని అన్నీ అడిగి, ఈ కొత్తది కూడా అడిగాను. వినీల నవ్వింది. "ఇదేం ప్రశ్న సిస్టరుగారూ, ముట్టించి ఇస్తే ఏమవుతదంట?" అంది. ముట్టించేటప్పుడు లాగిన పొగ కూడా ఒంట్లోకే పోతుందమ్మా, కడుపులో బిడ్డకీ పోతుంది, పరీక్షలో కనిపిస్తుంది అన్నాను. అని తల తిప్పితే, పక్క అరుగు మీద కొండలమ్మ.

కాళ్ళు చాపుకుని మనవరాలిని వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. ఆ చెయ్యి ఆగిపోయింది. నోట్లో చుట్ట ఉంది. ఆరిపోయి ఉంది.

"నర్సమ్మా, మా ఇంటికాడ అడగలేదే అది" అంది.

మీది కిందటిసారే అయిపోయిందమ్మా అన్నాను.

"కొత్తది అడగలేదుగా. అడుగు."

నేను లేవలేదు. వినీల నా మొహం చూసింది, కొండలమ్మ మొహం చూసింది, ఏమనుకుందో ఏమో బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. "అడగవే!" అని కొండలమ్మ అరిచింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి నాగలక్ష్మి పెరట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో కాగితాలూ, అత్త మొహమూ చూసి దానికి సంగతి అర్థమైపోయింది.

"నేనే తాగాను అత్తా" అంది. ఎవరూ ఏమీ అడగకుండానే. "నేనే దొంగతనంగా తాగాను. మీకేం తెలీదు. ఇయన్నీ ఊరికే రాసుకునే పెశ్నలు."

"నోర్ముయ్యి" అంది కొండలమ్మ. ఇన్ని నెలల తర్వాత కోడలితో మాట్లాడిన మొదటి మాట అది.

నోట్లోంచి చుట్ట తీసి కాసేపు దాన్నే చూసింది. విసిరేయలేదు. పక్కన అరుగు మీద పెట్టింది. బిడ్డని తీసి కోడలి చేతుల్లో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రాసుకో. ముట్టించి ఇచ్చేది. నేనే ఇప్పించుకునేదాన్ని. పెళ్ళైన కాడ్నించీ."

రాశాను.

"ముందు రెండు కాన్పులకాడ గూడా. అది రాసుకో."

అది ఇందులో అడగలేదమ్మా అన్నాను. నిజంగానే ఆ కాగితంలో దానికి గడి లేదు పార్వతీ. ఈ కడుపు సంగతే ఉంది. వాటికి కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరమ్మా, అప్పుడు కొలవలేదు, అని కూడా చెప్పాను. నాగలక్ష్మికి చెప్పినట్టే ఆమెకీ చెప్పాను. ఆమె కూడా అది విన్నట్టే వింది.

"రాసుకోమంటన్నాగా" అంది. గొంతు పెంచలేదు.

నాగలక్ష్మి బిడ్డని పట్టుకునే అత్త పక్కన కూలబడి, "కాదు సిస్టరుగారూ, రాయమాకండి, నేనే తాగాను, ఆమెకి మతి లేదు" అని ఏడుస్తోంది. ఒకరు రాయమంటున్నారు, ఒకరు వద్దంటున్నారు. ఇద్దరూ నా కాగితం వైపే చూస్తున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేతి రాత ఎవరికైనా అంత కావాల్సి వచ్చిందని నేను ఎరగను.

కాగితం కింద మిగిలిన జాగాలో రాశాను. ముందు రెండు కాన్పులప్పుడు కూడా అత్తకి చుట్ట ముట్టించి ఇచ్చింది, ఈ సంగతి అత్త కొండలమ్మే చెప్పింది అని. చదివి వినిపించమంది. వినిపించాను. "రాంబాబు వలకాడ ఉన్నాడు, పిలుసుకురా. వాడికి గూడా సదివి ఇనిపిద్దువుగాని" అంది.

పిలవడానికి వెళ్ళాను. వచ్చాడు, విన్నాడు. నేను చూస్తూ ఉండలేక ఇంటికి వచ్చేశాను. అక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు, అడిగే ఓపికా లేదు.

ఆ కాగితం ఈ పెట్టెలోనే ఉంది. కంప్యూటర్లో ఎక్కించే పిల్లలు కింద రాసిందాన్ని పట్టించుకోరు, గడిలో లేనిది వాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళ చేతికిచ్చే ముందు నువ్వొకసారి చదువు.

ఏంజెల్